పరదా కర్ర మూడు వేళ్లు తక్కువ

మార్చి 3, సోమవారం

నిదానం మామయ్య సాయంత్రం వ్యాను తెచ్చాడు. వారం రోజులుగా ఇంజను టకటకమంటోందట. కవర్ విప్పి చూస్తే వాల్వులు తెరిచే రాకర్లలో ఒకటి సగమే లేస్తోంది. అంటే కింద వాటిని లేపే క్యామ్ షాఫ్ట్ మీద ఒక బొడిపె అరిగిపోయింది. షాఫ్ట్ మార్చాల్సిందే.

ఆయన స్పీడు ముల్లు నలభై దాటడం ఎవరూ చూడలేదు కాబట్టి ఊరంతా ఆయన్ని నిదానం అనే పిలుస్తుంది. సోమ, బుధ, శుక్రవారాలు కిడ్నీ పేషెంట్లు ఆరుగురిని కొండ అవతలి ఆసుపత్రికి తీసుకెళ్లి, రక్తం శుభ్రం చేయించి, సాయంత్రం ఇళ్ల దగ్గర దింపుతాడు. బుధవారం పొద్దున్న ఆరింటికి బండి కావాలన్నాడు. "వాళ్ల రక్తం మన కోసం ఆగదమ్మాయ్" అన్నాడు.

ఒక్క రోజులో అవుతుంది. కాకపోతే దానికి రెండు స్టీలు కడ్డీలు కావాలి, నా దగ్గర ఒక్కటే ఉంది.

రెండోది తమ్ముడి దగ్గర ఉంది. అడగను.

మార్చి 4, మంగళవారం

అయిపోయింది. నడుం పట్టేసింది కానీ అయిపోయింది.

పొద్దున్న కాసేపు కడ్డీని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నాన్న లేతు మీద స్వయంగా చేసుకున్న జత అది. షాఫ్ట్ తిరిగినప్పుడు వాల్వుల్ని పైకి తోసే గుండ్రటి ముక్కల్ని పుస్తకాల్లో లిఫ్టర్లంటారు, నాన్న ట్యాపెట్లనేవాడు. ఇటు ఎనిమిది, అటు ఎనిమిది, అన్నీ షాఫ్ట్ మీదే నిలబడి ఉంటాయి. "షాఫ్ట్ లాగామంటే వాటి కాళ్ల కింద పీట లాగేసినట్టే" అనేవాడు. ఒక్కటి జారి లోపల పడినా ఇంజను మొత్తం దించి విప్పుకోవాలి. అందుకే ముందు వైపు నుంచి ఆ వరసకొకటి, ఈ వరసకొకటి కడ్డీ దూర్చి, వాటిని పైనే నిలబెట్టి, అప్పుడు షాఫ్ట్ తియ్యాలి. ఒక్క కడ్డీతో ఒక్క వరసే ఆగుతుంది.

నాన్న పోయాక నేనూ తమ్ముడూ పనిముట్లు పంచుకున్నాం. నీకొకటి, నాకొకటి అని నేల మీద పరిచి మరీ పంచుకున్నాం. పానాలు, సుత్తులు, పట్టుకార్లు. కడ్డీలు వచ్చేసరికి నీకొకటి, నాకొకటి. ఇద్దరం కళ్లు మూసుకుని చేశామా అంటే కాదు. నువ్వు తీసుకో అనే మాట ఎవరి నోట్లోంచీ రాలేదు, అంతే. రెండేళ్లయింది. వాడి షెడ్డు వంతెన అవతల ఉంది. నడిస్తే పావుగంట.

అత్తయ్య గదిలో పరదా కర్ర తీసుకున్నాను. మందం అచ్చంగా సరిపోయింది. రెండు చివర్లా గుబ్బలున్నాయి, ఒకటి కోసేసి ఆ చివర లోపలికి దూర్చాను. స్టీలు కడ్డీ ఒక వరసకి, పరదా కర్ర ఇంకో వరసకి. ఒక్క ట్యాపెట్ కూడా జారలేదు. పాత షాఫ్ట్ తీశాను, కొత్తది ఎక్కించాను. కర్ర వెనక్కి లాగేటప్పుడు కొంచెం బిగుసుకుంది. నూనె తాగి ఉబ్బినట్టుంది. పట్టుకారుతో తిప్పి లాగితే వచ్చేసింది.

బాగానే వచ్చింది.

స్టార్ట్ చేస్తే చివరి సిలిండర్ దగ్గర ఒక నిమిషం టిక్కు టిక్కుమని ఆగిపోయింది. ట్యాపెట్లలోకి ఆయిల్ ఎక్కేదాకా అలాగే ఉంటుంది. మామూలే.

మార్చి 5

వ్యాను వెళ్లి వచ్చింది. చప్పుడు లేదట.

మార్చి 6, గురువారం

మధ్యాహ్నం ఎండ మొహం మీద పడి నిద్ర పట్టడం లేదని అత్తయ్య సణిగారు. కర్ర తుడిచి తీసుకెళ్లాను. ఒక పక్క కొక్కేనికి తగిలించి రెండో పక్క చూస్తే అందలేదు. అత్తయ్య మంచం మీద నుంచే చెయ్యి చాపి, ఆ సందులో వేళ్లు పెట్టి కొలిచారు. నాలుగు వేళ్లు తక్కువ.

గుబ్బ కోశాను కదా అత్తయ్యా అన్నాను. "గుబ్బ నాలుగు వేళ్లుంటుందా?" అన్నారు.

గుబ్బతో పాటు కొంచెం కర్ర కూడా కోసి ఉంటాను. హడావిడిలో ఎక్కువ కోశాను.

మార్చి 7, శుక్రవారం

ఎక్కువే కోశాను.

నిదానం మామయ్యకు ఫోను చేసి ఆయిల్ ఎంతుందో చూసుకోమన్నాను. నిండుగా ఉందన్నాడు. ఎప్పుడూ నిండుగానే ఉంచమన్నాను. కొత్త షాఫ్ట్ కదా, మొదట్లో జాగ్రత్తగా ఉండాలి.

మార్చి 8

చెక్క ఆయిల్లో తేలుతుంది. గిన్నెలో ఆయిల్ పోసి అగ్గిపుల్ల వేసి చూశాను. తేలింది.

ఇది ఊరికే రాస్తున్నాను.

మార్చి 9, ఆదివారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసేదాన్ని నేనొక్కదాన్నేనేమో. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది.

మంగళవారం కర్ర బయటికి వచ్చినప్పుడు చివర పీచు పీచుగా ఉంది. గరుకు కాగితం పెట్టి నున్నగా రుద్దాను. అత్తయ్య చేతికి పుల్ల గుచ్చుకుంటుందని రుద్దాను. నిజంగా అప్పుడు అలాగే అనుకున్నాను. కానీ నేను రంపంతో కోసిన చివర అది. రంపం కోత పీచు రాదు. రుద్దకుండా ఉంటే ఈరోజు చూసి తెలుసుకునేదాన్ని. రుద్దేశాను.

లాగినప్పుడు టక్‌మని ఒక చప్పుడు కూడా వచ్చింది. పట్టుకారు జారిందనుకున్నాను.

మార్చి 10, సోమవారం

మళ్లీ ఫోను చేశాను. ఆయిల్ నిండుగానే ఉందట. నిదానం మామయ్య నవ్వాడు. మా ఆవిడ కూడా నన్ను ఇన్నిసార్లు తిన్నావా అని అడగదమ్మాయ్ అన్నాడు. నేనూ నవ్వాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టుంది నా నవ్వు.

ఆయిల్ నిండుగా ఉన్నంతసేపూ ముక్క పైన తేలుతూ ఉంటుంది. ఇంజను అడుగున తొట్టెలో ఆయిల్ లాగే గొట్టానికి ఒక జల్లెడ ఉంటుంది, అది కింద ఉంటుంది. పైన తేలేది కింద ఉన్న జల్లెడకు ఎలా అంటుకుంటుంది? అంటుకోదు. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ తొట్టెలో ఆయిల్ గిన్నెలో ఆయిల్లాగా కదలకుండా ఉండదని కూడా నాకు తెలుసు.

ముక్క ఉందో లేదో కూడా తెలియదు. ఉంటే అన్న మాట ఇది.

మార్చి 11, మంగళవారం

షెడ్డు ఊడ్చిన చెత్త డబ్బా గుమ్మరించాను. వారం చెత్త. రంపపు పొట్టులో గుబ్బ దొరికింది. దానికి అంటుకుని ఉన్న కర్ర ఒక్క వేలు మందం. అంతే.

నాలుగులో ఒకటి పోతే మూడు.

డబ్బా ఇంకోసారి గుమ్మరించాను. బల్ల కింద, రేడియేటర్ పెట్టిన మూల, తుడిచే గుడ్డల సంచి అన్నీ చూశాను. మా ఆయన షిఫ్టుకు వెళ్తూ ఏం పోయిందని అడిగారు. నట్టు అని చెప్పాను. నట్టు కోసం ఇంత వెతుకులాటా అని ఆయనా కాసేపు వెతికి వెళ్లారు.

ఇప్పుడు చెప్పాలంటే ఏం చెప్పాలి? నీ బండి ఇంజన్లో మూడు వేళ్ల కర్ర వదిలేసి వారమైంది, మూడు ట్రిప్పులు కొండ దాటి వచ్చావు అనాలి. ఎందుకు అంటాడు. తమ్ముణ్ని ఒక కడ్డీ అడగడానికి నోరు రాలేదు అనాలి. ఆడదాని చేతికి ఇంజను ఇవ్వొద్దని చెప్పేవాళ్లు వీధిలో ఇప్పటికే ఉన్నారు. నిదానం మామయ్య వాళ్ల మాట వినకుండా మొదటి రోజు నుంచీ నా దగ్గరికే తెస్తున్నాడు.

శనివారం ఏదో వంక పెట్టి బండి తెప్పించి, అడుగు తొట్టె విప్పి చూసేస్తాను. ఎవరికీ తెలియాల్సిన పని లేదు. ఈలోపు రెండు ట్రిప్పులే.

మార్చి 12, బుధవారం

సాయంత్రం ఆయనే ఫోను చేశాడు. కొండ దిగుతున్నప్పుడు, ఇంజనుకు ఆయిల్ అందకపోతే వెలిగే ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరిపోయిందట. వైరు వదులయ్యిందేమో అన్నాడు.

వైరే అయ్యుంటుంది అన్నాను.

అన్నాను. నా నోటితోనే.

మార్చి 13, గురువారం

దిగుడులో ఇంజను ఆగిపోతే బ్రేకు రాయిలా బిగుస్తుంది, స్టీరింగ్ తిరగదు. నలభైలో అయినా అంతే.

ఉదయం నుంచి మూడుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పక్కన పెట్టాను. వైరే అయి ఉండొచ్చు.

అత్తయ్యకు రేపు కంటి పరీక్ష. అదే ఆసుపత్రి. నిదానం మామయ్య వ్యానులో ముందు సీటు ఖాళీగా ఉంది, తీసుకెళ్తానన్నాడట. నాకు చెప్పకుండా వాళ్లిద్దరే మాట్లాడేసుకున్నారు. అత్తయ్య చీర కూడా తీసి పెట్టుకున్నారు.

మార్చి 14, శుక్రవారం

అంతా రాస్తాను.

ఆరింటికి వ్యాను ఇంటి ముందు ఆగింది. లోపల ఆరుగురూ ఉన్నారు. అత్తయ్య ఒక కాలు మెట్టు మీద పెట్టారు. నేను వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాను. డాక్టరు సెలవు, ఇప్పుడే ఫోను వచ్చింది అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. నిదానం మామయ్య అయ్యో అన్నాడు, తలుపు వేసుకున్నాడు, వెళ్లిపోయాడు. వెనక సీట్లోంచి దర్జీ తాత నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

అత్తయ్య వీధిలోనే నిలబడి నన్ను చూశారు. ఫోను ఏదీ మోగలేదన్నారు. ఆ బండిలో ఏముందని అడిగారు. చెప్పేశాను. పరదా కర్ర నుంచి ఆయిల్ దీపం దాకా, గుమ్మం ముందు నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఆవిడ తిట్టలేదు. "మరి వాళ్లు?" అన్నారు.

మా అత్తయ్యను దింపాను. ఆరుగుర్ని పంపాను. ముక్క ఉందో లేదో తెలియదని పది రోజులుగా రాస్తున్నదాన్ని, ఆవిడ మోచెయ్యి ఎందుకు పట్టుకున్నాను? నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

ఫోను చేశాను. బండి నడుపుతూ ఆయన ఎత్తడు. స్కూటర్ తీశాను. కొండెక్కుతున్నంతసేపూ ప్రతి మలుపు దగ్గరా బండి పక్కన పడి ఉంటుందని అనుకుంటూనే తిప్పాను. పైన, దిగుడు మొదలయ్యే చోటికి కొంచెం ముందు కనిపించింది. ఇంకెవరైనా అయితే ఈపాటికి ఆసుపత్రిలో ఉండేవాళ్లు. ఆయన నిదానం గురించి వీధిలో వేసుకునే జోకులన్నింటికీ దండం పెట్టాలనిపించింది. హారన్ కొట్టుకుంటూ పక్కకి వెళ్లి ఆపమని చెయ్యి చూపించాను.

ఇంజను ఆపించాను. పక్కకి పిలిచి చెప్పాను. ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. అంతా విని, "మీ అత్తగారిని దింపావు" అన్నాడు.

అవునన్నాను.

"నాకు కాదు. వాళ్లకి చెప్పు."

కిటికీ దగ్గర నిలబడి చెప్పాను. మీ బండి ఇంజన్లో నా వల్ల ఒక కర్ర ముక్క ఉండిపోయింది, నాకు తెలిసీ చెప్పలేదు అన్నాను. ఎంత ముక్క అని దర్జీ తాత అడిగాడు. మూడు వేళ్లు అన్నాను. ఆయన తన మూడు వేళ్లు దగ్గరగా పెట్టి, ఎదురుగా పట్టుకుని, చాలాసేపు చూసుకున్నాడు. ఆ వేళ్లు నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

ఇరవై నిమిషాలకు బస్సు వచ్చింది. ఒక్కొక్కరినీ పట్టుకుని ఎక్కించాం. ఒకావిడ నా చెయ్యి వద్దని కమ్మీ పట్టుకుని ఎక్కింది. గంట ఆలస్యంగా చేరారట. అందరికీ చికిత్స అయ్యిందట.

వ్యానును లారీ మీద ఎక్కించి నా షెడ్డుకే తెచ్చారు. ఇంకెక్కడికైనా తీసుకెళ్తాడనుకున్నాను. "నువ్వు పెట్టావు, నువ్వే తియ్యి" అని తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అమ్మాయ్ అనలేదు.

మార్చి 15, శనివారం

అడుగు తొట్టె విప్పాను. జల్లెడకు అతుక్కుని ఉంది. నల్లగా, నమిలి ఊసినట్టుగా ఉంది. జల్లెడలో సగానికి పైగా పీచు పట్టేసింది. అది వైరు కాదు.

కడిగి కొలిచాను. రెండు వేళ్లు.

మళ్లీ కొలిచాను. రెండే. తొట్టె అంతా గుడ్డ పెట్టి తుడిచాను, ఇంకేమీ లేదు. ఒక వేలు ఇంకా పైన ఉంది. కడ్డీ దూరే సందులో, వెనక చివర ఇరుక్కుని ఉండాలి. తియ్యాలంటే షాఫ్ట్ మళ్లీ లాగాలి. షాఫ్ట్ లాగాలంటే రెండు కడ్డీలు కావాలి.

పదకొండింటికి తమ్ముడికి ఫోను చేశాను. రెండేళ్ల తర్వాత మొదటి మాట ఏం రావాలో తెలియక, కడ్డీ కావాలి అన్నాను. ఏ ఇంజను అని అడిగాడు. చెప్పాను. రేపు పొద్దున్న వస్తానన్నాడు. పంపమని అడిగాను, వస్తానన్నాడు.

మార్చి 16, ఆదివారం

తమ్ముడు లావయ్యాడు. నాన్న లాగే గడపలో నిలబడి చెప్పులు దులుపుకుని లోపలికి వచ్చాడు. ముందుగా తన పనిముట్ల పెట్టెలోంచి స్టీలు కడ్డీ తీసి బల్ల మీద నా కడ్డీ పక్కన పెట్టాడు. రెండూ ఒక్క పొడవు. వాడిది ఎక్కువ మెరుస్తోంది.

నేను పరదా కర్ర చూపించి జరిగింది చెప్పాను. ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా అని వాడు అంటాడని ఎదురుచూశాను. వాడు మళ్లీ పెట్టెలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఇంకో కర్ర తీశాడు. ఆయిల్ తాగి నల్లబడిన కర్ర.

"నాది చీపురు కర్ర అక్కా."

రెండేళ్లుగా వాడూ అంతే. ఒక వరసకి నాన్న కడ్డీ, ఇంకో వరసకి చీపురు కర్ర. నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. వాడూ నవ్వాడు. నవ్వుతూనే నేను ఆ కర్ర తీసుకుని చివర చూశాను. పొడుగునా అంగుళం అంగుళానికీ కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి.

ఏమిటివి అంటే, లోపల పెట్టే ముందూ తీశాకా లెక్కపెట్టుకుంటాను అన్నాడు. మొదటి నుంచీనా అన్నాను.

"మొదటిసారి తర్వాత నుంచి" అన్నాడు.

నేను అడగలేదు. వాడు చెప్పలేదు. రేడియేటర్ విప్పడం మొదలుపెట్టాం.

రెండు కడ్డీలూ లోపలికి వెళ్లాయి. వాడు ఒకవైపు, నేను ఒకవైపు తోశాం. ఎక్కడా ఆగలేదు, వెనక చివరి దాకా వచ్చేసరికి నా వైపుది ఆగింది. వాడు సన్న కొక్కెం చేసి తెచ్చుకున్నాడు, అలాంటి కొక్కెం వాడి దగ్గర సిద్ధంగా ఎందుకుందో కూడా అడగలేదు. దానితో లాగితే ముక్క వచ్చింది. అప్పుడు కడ్డీ పూర్తిగా దూర్చి, షాఫ్ట్ తీసి, దీపం పెట్టి లోపలంతా చూశాం. జల్లెడ మార్చాం, కొత్త ఆయిల్ పోశాం, మళ్లీ అన్నీ బిగించాం.

ముక్కల్ని బల్ల మీద వరసగా పెట్టాను. గుబ్బతో ఒక వేలు, జల్లెడ దగ్గర రెండు, సందులో ఒకటి. నాలుగు. అత్తయ్యను పిలిచి చూపించాను. ఆవిడ చెయ్యి పెట్టి కొలిచారు. సరిపోయింది.

నిదానం మామయ్యకు ఫోను చేసి అయ్యిందని చెప్పాను. ఏం విప్పామో, ఏం దొరికిందో, ఎంత దొరికిందో అంతా చెప్పాను. సాయంత్రం వచ్చి ముక్కలు చూసి, చొక్కా జేబులో వేసుకుని బండి తీసుకెళ్లాడు. వాళ్లకి చూపించాలి అన్నాడు.

మార్చి 17, సోమవారం

అత్తయ్య కంటి పరీక్ష ఈరోజుకు మార్పించుకున్నారు. ఏ బండిలో వెళ్తారని నేను అడగలేదు. అడగడానికి భయం వేసింది.

ఆరింటికి వ్యాను ఇంటి ముందు ఆగింది. హారన్ కొట్టలేదు. నిదానం మామయ్య దిగి ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆరుగురిలో నలుగురే ఉన్నారు. దర్జీ తాత ఉన్నాడు. నా చెయ్యి వద్దన్నావిడ లేదు, ఇంకొకాయన కూడా లేడు, వాళ్లు బస్సులో వెళ్తున్నారట. ఎన్నాళ్లు అని అడిగే హక్కు నాకు లేదు.

మామయ్య నా వైపే చూస్తున్నాడు. ఇంజను ఆపలేదు. ఏ చప్పుడూ లేదు.

అత్తయ్య మోచెయ్యి పట్టుకున్నాను. ఈసారి పైకి.

తలుపు వేసి, "సాయంత్రానికి తెస్తానమ్మాయ్" అన్నాడు.

ఇంటికొచ్చి కిటికీకి తాడు కట్టి పరదా వేలాడదీశాను. రెండు వైపులా కొక్కేలకు బాగానే అందింది. తర్వాత షెడ్డుకెళ్లి పనిముట్లు సర్దుతుంటే కడ్డీలు రెండూ నా పెట్టెలోనే ఉన్నాయి. తమ్ముడు తనది మర్చిపోయి వెళ్లాడు.

మర్చిపోయాడనే రాసుకుంటున్నాను. వంతెన దాటి నడిచివెళ్లి, నువ్వు తీసుకో అని రెండూ వాడికిచ్చి వస్తాను.